పాపం నమ్మనివాళ్లకు తప్పు చేశామన్న బాధ ఉంటుందా? ఈ ప్రశ్న మీద చర్చ నడిపే పద్ధతి

విజయవాడలో ఈ ప్రశ్న మీద జనాన్ని పోగేయడం కష్టం కాదు. ఇంద్రకీలాద్రి, గుణదల మేరీమాత కొండ, పటమట నాస్తిక కేంద్రం, వన్‌టౌన్ మసీదులు, అన్నీ ఒక సిటీ బస్సు తిరిగేంత దూరంలోనే ఉన్నాయి. కష్టమంతా పోగేశాక వస్తుంది. పది నిమిషాలు గడిచేసరికి అసలు ప్రశ్న పక్కకు పోయి “దేవుడు ఉన్నాడా, లేడా” దగ్గర చర్చ చతికిలబడుతుంది. ఆ వాదనకు హాలు అక్కర్లేదు, టీ కొట్టు బల్ల చాలు.

కింద చెప్పే పద్ధతి రెండుంపావు గంటల చర్చ కోసం. గుంటూరులోనైనా ఇదే పనిచేస్తుంది. దీని కీలకమంతా ప్రశ్నను ముందే రెండుగా చీల్చడంలో ఉంది. పాపమనే నమ్మకం లేనివాడికి తప్పు చేశానన్న బాధ కలుగుతుందా అన్నది ఒకటి. ఆ బాధకు బయట ఏదైనా నిజం ఆధారంగా ఉందా, లేక చిన్నప్పుడు ఇంట్లో, బళ్లో పడిన అలవాటేనా అన్నది రెండోది. మొదటిది మనసు సంగతి, రెండోది సత్యం సంగతి. నాస్తికుడు “నాకూ బాధ కలుగుతుంది” అని మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానిక్కూడా చెప్పేశాననుకుంటాడు. భక్తుడు “దేవుడే లేకపోతే తప్పొప్పులకు ఆధారమేముంది” అని రెండోదాని మీద నిలబడి, ఎదుటివాడికి బాధే కలగదని తేల్చేస్తాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తగలకుండా గంటలకొద్దీ మాట్లాడుకోగలరు. అందుకని రెండు ప్రశ్నల్నీ రెండు అట్టల మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అతికించండి. ఎవరు మాట్లాడినా ముందు ఏ అట్ట గురించో చేత్తో చూపించి మొదలుపెట్టాలి. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది, అరగంటలో అలవాటవుతుంది.

మనుషులు, చోటు, సామాను

పదిమంది ఉంటే చక్కగా సాగుతుంది. పన్నెండు దాటనివ్వొద్దు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇచ్చినా ఒక చుట్టుకే ఇరవై నాలుగు నిమిషాలు పోతాయి. వేర్వేరు మతాల నమ్మకస్తులు ముగ్గురు, నాస్తికులు ముగ్గురు, మిగతావాళ్లు “ఉన్నాడేమోలే, మనకెందుకు” అనే రకం ఉండేలా చూసుకోండి. ఈ మూడో రకమే చర్చకు ప్రాణం. వాళ్లకు కాపాడుకోవాల్సిన పక్షం ఉండదు. మైకు అలవాటున్న మనిషి, అంటే పాస్టరుగారో పురాణం చెప్పే ఆయనో హేతువాద ఉపన్యాసకుడో, మొత్తమ్మీద ఒక్కరికి మించొద్దు. ఒక లాయరో దస్తావేజులు రాసే మనిషో ఉంటే మంచిది. ఎందుకో కింద అప్పు నోటు కథ దగ్గర తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం 4 గంటలు అందరికీ కుదిరే వేళ. పొద్దున పెడితే చర్చికి వెళ్లేవాళ్లు రాలేరు. మే నెలలో ఏసీ లేని హాలు తీసుకుంటే నరకం ఉందా లేదా అన్న చర్చ అవసరం లేకుండా పోతుంది. కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక, ముఖ్య అతిథి, శాలువా వద్దు. జ్యోతి ప్రజ్వలన కూడా వద్దు. ప్రార్థనతో మొదలైన సభలో నాస్తికుడు బయటివాడవుతాడు. పనిగట్టుకుని “ఇక్కడ దీపం వెలిగించం” అని ప్రకటిస్తే భక్తుడు బయటివాడవుతాడు. వెలిగించకండి, ఆ మాట ఎత్తకండి.

సామాను: పోస్టుకార్డు సైజు అట్టముక్కలు 40, స్కెచ్ పెన్నులు, అందరికీ కనిపించే గడియారం, స్టేషనరీ కొట్లో దొరికే ప్రాంసరీ నోటు ఫారాలు రెండు, రూపాయి రెవెన్యూ స్టాంపులు రెండు, ఎండుమిరపకాయలు నాలుగు. కాయల్లో రెండింటిని ముందురోజు రాత్రి నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

మాటల లెక్క తేల్చడానికి 20 నిమిషాలు, మిరపకాయలకు 25, నోటుకు 45, మతాల మాటకు 25, ముగింపుకు 20 పెట్టుకోండి. ఏదైనా కోయాల్సి వస్తే మతాల దగ్గర కోయండి, నోటు దగ్గర మాత్రం కోయొద్దు.

ముందు మాటలు తేల్చండి

తెలుగులో ఈ బాధకు ఇంటి మాట లేదు. పుస్తకంలో ‘అపరాధ భావన’ అంటాం, ఫోన్లో ‘గిల్టీగా ఉంది’ అంటాం. మన దగ్గర గిల్టంటే పూత నగ కూడా కాబట్టి ఎవరో ఒకరు ఆ చమత్కారం వేస్తారు, వెయ్యనివ్వండి. ‘మనసు పీకుతోంది’ అన్నదే దగ్గరి మాట. చర్చంతా దాంతోనే నడిపితే ఇంకా మేలు.

తరవాత ఆరు అట్టల మీద ఆరు మాటలు రాసి మధ్యలో పరచండి: తప్పు, నేరం, దోషం, పాపం, సిగ్గు, భయం. ఒక్కొక్కదానికి రోజువారీ వాక్యం ఒకటి చెప్పించండి. ఇక్కడే సగం ముడి విడిపోతుంది. ‘దోషం’ అనగానే కుజదోషం, కాలదోషం వస్తాయి. వాటిలో ఎవరూ చేసిన పనేం లేదు, అయినా దోషమే. ‘పాపం’ అనగానే ఎవరైనా “అయ్యో పాపం, వర్షంలో తడిసిపోయాడు” అంటారు. అక్కడ ఆ మాటకు జాలి అనే అర్థం. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా రోజుకు పదిసార్లు వాడతారు. ‘నేరం’ చట్టంలో రాసి ఉన్నది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు నేరాల జాబితా కొంత మారింది, ఆ రాత్రికి రాత్రి ఎవరి మనస్సాక్షీ మారలేదు. ‘సిగ్గు’కు చూసేవాళ్లు కావాలి. ‘భయం’కు శిక్షో, ఉసురో కావాలి.

మిగిలిన ‘తప్పు’ను పట్టుకోండి. “నేను చేశాను, చేయకుండా ఉండగలిగేవాణ్ణి, దానివల్ల ఒకరికి అన్యాయం జరిగింది.” ఈ మూడూ ఉంటేనే మనసు పీకడానికి కారణం ఉన్నట్టు. అట్ట వెనక ఇవి రాసిపెట్టండి, చివరిదాకా పనికొస్తాయి.

మూడింట్లో రెండోది లేని సందర్భాన్ని ఒకరు తప్పకుండా తెస్తారు. బెంజి సర్కిల్ దగ్గర జాగ్రత్తగానే వెళ్తున్న ఆటోకు పిల్లవాడు అడ్డం పరిగెత్తి వచ్చాడు. డ్రైవరు తప్పు లేదని పోలీసులూ అన్నారు, పిల్లవాడి తండ్రీ అన్నాడు. అయినా అతనికి నిద్ర పట్టదు. తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో లారీ డ్రైవరు ఉదాహరణతో ఎత్తిచూపిన బాధ ఇదే. దీన్ని విడదీయడానికి ఆయన కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. మనకు ‘నా చేతుల మీదుగా జరిగింది’ అన్న మాట ముందే ఉంది. అది వేరే అట్ట మీద రాసి పక్కన పెట్టండి. దాన్ని తప్పుతో కలిపేస్తే చేయని తప్పుకు జనం క్షమాపణ వెతుక్కోవడం మొదలవుతుంది.

మిరపకాయ పరీక్ష

ఇది సత్యం అట్ట కోసం. ఎండుకాయను చెవి దగ్గర పెట్టి ఆడించమనండి. గింజలు గలగలమంటాయి. వేళ్ల మధ్య నొక్కితే పటుక్కున విరుగుతుంది. తడిపిన కాయ తోలులా వంగుతుంది, చప్పుడుండదు. రెండూ చేతులు మారుతుండగా మూడు వాక్యాలు చదవండి.

“ఈ కాయలో తేమ ఎక్కువ.” “గుంటూరు సన్నం పచ్చడికి బాగుంటుంది.” “తూకానికి ముందు కాయ మీద నీళ్లు చల్లడం తప్పు.”

మొదటిది మీటరు పెట్టి చెప్పొచ్చు, మన అభిప్రాయంతో పని లేదు. రెండోది నాలుకను బట్టి. ఇక్కడ ఒక మెలిక ఉంది, వదలొద్దు. ఘాటు కొలవొచ్చు. గుంటూరు సన్నం ఘాటు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్ల మధ్య ఉంటుంది. కొలత వచ్చినంత మాత్రాన ‘బాగుంది’ అన్నది నిజం అయిపోదు. మూడో వాక్యం మొదటిదాని జాతా, రెండోదాని జాతా? అందరూ అట్టను ఏదో ఒక వైపు పెట్టాలి. మధ్యలో పెట్టనివ్వకండి.

రుచి వైపు పెట్టినవాళ్లను “మిర్చి యార్డులో అందరూ చల్లితే?” అని అడగండి. “అప్పుడది రివాజు, తప్పు కాదు” అంటారు. అక్కడ ఆగకుండా లెక్క చేయించండి. అందరూ చల్లుతారని తెలిసిన కొనుగోలుదారు రేటు తగ్గిస్తాడు. చల్లని రైతు ఎండిన సరుకు పెట్టి తడి సరుకు రేటు తీసుకుంటాడు. తేమ నిలిచిన కాయకు బూజు పడుతుంది, బూజులో కొన్ని రకాలు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది తినేవాడి కాలేయానికి చేరుతుంది. ఇవన్నీ మొదటి జాతి వాక్యాలే. ఎన్ని చేతులు లేచినా మారవు.

అయితే నాస్తికుల పక్షం ఇక్కడ గెలిచామనుకుంటే ఆపండి. నష్టం నిజమని తేలింది, “నష్టం చేయకూడదు” అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలలేదు. భక్తుడి ప్రశ్న సరిగ్గా అదే, దానికి చోటివ్వాలి. వెంటనే భక్తుడి పక్షాన్నీ ఒక ప్రశ్న అడగాలి. ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీస్ అడిగినదే, దాదాపు 2,400 ఏళ్ల నాటిది: దేవుడు వద్దన్నాడు గనక అది తప్పయిందా, తప్పు గనక దేవుడు వద్దన్నాడా? మొదటిది నిజమైతే రేపు దేవుడు చల్లమంటే చల్లడం ఒప్పవుతుంది. రెండోది నిజమైతే తప్పు దేవుడికంటే ముందే ఉంది. చదువుకున్న భక్తులు దీనికి మూడో దారి చెబుతారు: మంచితనం దేవుడి స్వభావమే, దానికి ముందూ వెనకా లేవని. అది తేలిగ్గా కొట్టిపారేసే జవాబు కాదు. చర్చ నడిపే మనిషికి ఈ మూడూ తెలిసి ఉండాలి. తీర్పు మాత్రం చెప్పకూడదు.

నోటు

ఇది చదివి వినిపించండి. నటించొద్దు, మామూలు గొంతుతో చదవండి.

వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు. పక్కింటి కుర్రాడు కోచింగ్ ఫీజుకని 40,000 తీసుకుని 2022 జూన్ 10న నోటు రాశాడు. నూటికి రూపాయి వడ్డీ. నోటు వెనక ఒక్క చెల్లు కూడా పడలేదు. 2025 జూన్ 10 వచ్చింది, పోయింది. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

“ఏరా అబ్బాయ్, ఉద్యోగం కుదిరిందటగా?”

“అవును మాస్టారూ.”

“సంతోషం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?”

“పర్లేదండి.”

నోటు మాట రాలేదు. మర్నాటి నుంచి కుర్రాడు పాలకు వెనక సందులోంచి వెళ్తున్నాడు.

చదవడం అయ్యాక ఒకటే అడగండి: వెనక సందులోంచి ఎందుకు?

ఐదు నిమిషాలు ఎవరి మాటా కత్తిరించకండి. ఆ తరవాత లాయరు చేత చట్టం చెప్పించండి. అడిగినప్పుడు చెల్లించే నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఈలోగా కొంత కట్టి నోటు మీద చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. ఏదీ లేకపోతే కాలదోషం పట్టినట్టే, కోర్టులో దావా నిలవదు. కానీ కాలపరిమితి చట్టం దావా వేసే దారిని మూసేస్తుందే గానీ బాకీని చెరిపేయదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానని కుర్రాడు కొత్తగా కాగితం రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. చట్టానికి కూడా ఆ బాకీ ఎక్కడో బతికే ఉందన్నమాట.

కథలో తేదీ మార్చాలనుకుంటే 2022 మార్చి తరవాతదే పెట్టండి. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. పాత తేదీ పెడితే లాయరుగారు ఆ లెక్కలోకి దిగుతారు, మనసు సంగతి అక్కడితో సరి.

ఇప్పుడు కుర్రాడి బాధ ఏ జాతిదో తేల్చే నాలుగు ప్రశ్నలు. ఒక్కొక్కటీ అట్ట మీద రాసి, జవాబు ‘పోతుంది’ లేదా ‘ఉంటుంది’ అని మాత్రమే రాయించండి.

ఈ నోటు సంగతి ఇంకెవరికీ ఎప్పటికీ తెలియదని ఖాయమైతే బాధ పోతుందా? పోతే అది సిగ్గు.

ఏ కోర్టూ, ఏ ఉసురూ తనను ఏమీ చేయలేదని ఖాయమైతే? పోతే అది భయం.

గుళ్లోనో చర్చిలోనో దేవుడు క్షమించాడని గట్టిగా అనిపిస్తే? పోతే అతని బాధలో పాపభీతి ఉంది. ఇక్కడ భక్తుల్లోనే రెండు వర్గాలు బయటపడతాయి, చూడండి. చాలామంది “మాస్టారికి ఇవ్వకుండా ఎలా పోతుంది?” అంటారు.

మాస్టారికి వడ్డీతో సహా కట్టేస్తే? ఇక్కడ పోతే అది తప్పు తాలూకు బాధ. దానికి కావలసింది బాకీ, అప్పిచ్చిన మనిషి. పాపం అనే మాట లేకుండానే లెక్క పూర్తయింది.

మొదటి అట్ట ప్రశ్నకు జవాబు దాదాపు ఇక్కడే దొరుకుతుంది. దొరికిందని చెప్పేసి ఊరుకోకండి. కథను తిప్పండి. మాస్టారు పోయారు, తెనాలిలో కూతురుంది, ఆమెకు నోటు సంగతి తెలియదు. ఇవ్వాలా? అందరూ ఇవ్వాలంటారు. ఇంకోసారి తిప్పండి. మాస్టారు పోయారు, వెనక ఎవరూ లేరు.

చర్చంతటికీ గట్టి చోటు ఇదే, పది నిమిషాలు ఉంచండి. భక్తుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అప్పిచ్చిన మనిషి పోయినా దేవుడున్నాడు, ఆయన ముందు ఒప్పుకోవచ్చు, మాస్టారి పేరున అన్నదానం చేయొచ్చు. నాస్తికుడు “ఎవరో పేద పిల్లవాడి ఫీజు కడతాను” అంటాడు. ఎందుకు అని అడగండి. బాకీ మాస్టారికైతే వేరేవాడికి కడితే ఎలా తీరుతుంది? తీరదు, బాధతో బతకాల్సిందే అని నిజాయితీగా ఒప్పుకునే నాస్తికుడు ఒకరైనా ఉంటే ఆ సాయంత్రం ధన్యమైనట్టే. పాపం అనే భావన పనికొచ్చేది బాధ పుట్టించడానికంటే, తీర్చే దారి మూసుకుపోయినప్పుడు ఇంకో దారి చూపడానికేనని మా అభిప్రాయం. ఆ దారి నిజమా, ఊరటా అన్నది రెండో అట్ట ప్రశ్న.

సమయం మిగిలితే ఇంకో మలుపు: నోటు కుర్రాడిది కాదు, పోయిన అతని తండ్రిది. పాత హిందూ ధర్మశాస్త్రంలో అప్పుతో చచ్చిపోవడం పాపం, దాన్నించి తండ్రిని తప్పించడం కొడుకు విధి. కోర్టులు చాలాకాలం ఆ విధిని చట్టంగానే అమలుచేశాయి. 2005 సెప్టెంబరు 9 తరవాత చేసిన అప్పులకు, ఒక్క ఆ విధినే ఆధారంగా చూపి కొడుకు మీద దావా నడపడానికి వీల్లేదని హిందూ వారసత్వ చట్టం సవరణ చెప్పింది. పాపం చట్టంలోంచి వెళ్లిపోయింది. కొడుకులు ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. కుర్రాడు చేసింది ఏమీ లేకపోయినా మనసెందుకు పీకుతోందో ‘చేతుల మీదుగా’ అట్ట పక్కన పెట్టి అడగండి.

మతాలు చెప్పేది, చెప్పనిది

ఇక్కడ నడిపే మనిషికి తయారీ కావాలి. లేకపోతే ప్రతి పక్షమూ ఎదుటి పక్షానికి గడ్డిబొమ్మ చేసి తగలబెడుతుంది.

పాపంలో నమ్మకముంటే బాధ ఉంటుందన్నది కూడా నిజం కాదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తూ “యాని కాని చ పాపాని జన్మాంతర కృతాని చ” అంటాం, “పాపోఽహం” అనీ అంటాం. అంటూనే చెప్పులు భద్రంగా ఉన్నాయా అని ఓరగా చూసుకుంటాం. అబద్ధం ఆడుతున్నామని కాదు. గుర్తులేని జన్మలో చేసినదాని గురించి మనసు పీకడం సాధ్యం కాదు. నమ్మకం ఉండి బాధ లేకపోవడం కుదురుతుందంటే, రెంటికీ ముడి మనం అనుకున్నంత గట్టిది కాదు.

కతోలిక పాపసంకీర్తనంలో అడుగులు ఐదు: మనస్సాక్షిని పరిశీలించుకోవడం, దుఃఖపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, గురువు ముందు చెప్పడం, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం చేయడం. దొంగిలించినదైతే తిరిగి ఇవ్వాలి. ఇస్లాంలో తౌబాకు, అంటే పశ్చాత్తాపానికి, ఆ పని మానడం, చింతించడం, ఇక చేయనని నిశ్చయించుకోవడం కావాలి. సాటిమనిషి హక్కు పోయి ఉంటే దాన్ని తిరిగి ఇవ్వడం నాలుగోది. అంటే మాస్టారి నలభై వేలను దేవుడి దగ్గర మాఫీ చేయించుకునే దారి ఇక్కడా లేదు. గుంటూరులో 1842లో హేయర్ అనే మిషనరీ మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంప్రదాయంలో క్షమాపణ ఉచితం, పనులతో కొనేది కాదు. అయినా పొరుగువాడి బాకీ ఎగ్గొట్టమని వాళ్లూ చెప్పరు. బైబిల్లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రోమీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు, ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లోనూ దాని సారం రాసి ఉందనీ, వాళ్ల మనస్సాక్షి సాక్ష్యమిస్తుందనీ అంటాడు. నమ్మనివాడికి బాధే ఉండదు అనే పాస్టరుగారికి ఈ వచనం మర్యాదగా గుర్తుచేయండి.

అమరావతి స్తూపం కట్టించిన బౌద్ధ ధర్మంలో సృష్టికర్త లేడు. అయినా భిక్షువులు పదిహేను రోజులకోసారి కూడి నియమావళి పారాయణ చేస్తారు, తప్పు చేసినవాళ్లు ముందే చెప్పుకోవాలి. తనలోంచి పుట్టే వెనకంజకు హిరి అనీ, నిందకు జంకే గుణానికి ఒత్తప్ప అనీ పాళీలో విడివిడి పేర్లున్నాయి. దేవుడు లేకపోతే మనస్సాక్షికి క్రమశిక్షణ ఉండదనే వాదనకు ఇది పాతికమంది ఉపన్యాసకులకంటే గట్టి జవాబు.

నాస్తికుల వైపు చెప్పడానికి గోరా ఉన్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో పటమటకు మార్చారు. ఆయన వాదన సారం ఇది: దేవుడి మీద భారం వేసినవాడు తన పనికి తాను పూర్తి బాధ్యత తీసుకోడు, వేయనివాడికి తప్పించుకునే చోటు లేదు. గాంధీ 1931లోనే ‘దేవుడే సత్యం’ అన్న మాటను ‘సత్యమే దేవుడు’ అని తిప్పారు. గోరాతో ఆయనకు మాట కలిసింది ఆ వంతెన మీదే. 1948 మార్చిలో సేవాగ్రాంలో గోరా కూతురి పెళ్లి దేవుడి పేరు బదులు సత్యం పేరున జరిగింది. కోర్టు బోనులో సాక్షికీ ఈ రెండు దారులున్నాయి: 1969 ప్రమాణాల చట్టం కింద దైవసాక్షిగా అనొచ్చు, దేవుణ్ణి తేకుండా ధృవీకరించనూ వచ్చు. అబద్ధం చెబితే ఇద్దరికీ ఒకే శిక్ష.

ఎక్కడ చెడుతుంది

చర్చ మధ్యలో ఎవరో ఒకరు సొంత తప్పు చెప్పడం మొదలుపెడతారు. గొంతు మారుతుంది, కళ్లు కిందికి దిగుతాయి, “అసలు నేనొకసారి…” అంటారు. దీనికి ముందే సిద్ధపడాలి. మొదట్లోనే ఫోన్లు ఒక పెట్టెలో పెట్టించండి, వీడియో తీయనివ్వొద్దు. అలాగని “ఏం చెప్పినా బయటకు పోదు” అని మాటివ్వకండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పాల్సిందే. సొంత కథ మొదలైతే “ఇది తరవాత విడిగా మాట్లాడదామండీ” అని మృదువుగా ఆపి, విరామంలో నిజంగానే పక్కకు తీసుకెళ్లి మాట్లాడండి. ఆపడం మొరటుగా అనిపిస్తుంది. కానీ పదిమంది ముందు చెప్పేసి ఇంటికి వెళ్లినవాళ్లు ఆ రాత్రి ఎక్కువ బాధపడతారు.

ఇంకో రకం ఉంది. ఏ తప్పు అని అడిగితే చెప్పలేరు, లేదా చిన్న విషయానికి ఏళ్ల తరబడి కుమిలిపోతుంటారు. దీపం సరిగా పెట్టానా, ప్రార్థనలో మనసు పక్కకు పోయిందా అని వందసార్లు తిరిగి చేస్తుంటారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అంటారు. తీరని అపరాధ భావన డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి, తిరిగి తిరిగి చేయడం ఓసీడీ అనే మానసిక రుగ్మత కావచ్చు. వీళ్లకు వాదనలు, శ్లోకాలు, హేతువాదం ఏవీ పనిచేయవు. బాధ ఉన్నంత మాత్రాన తప్పు ఉన్నట్టు కాదన్న సంగతి ఇక్కడ సిద్ధాంతం కాదు, మందు రాసే డాక్టరు దగ్గరకు పంపాల్సిన విషయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు గోడ మీద మూడో అట్టగా ముందే ఉంటే ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు.

ఉపన్యాసకుడు లేస్తే గడియారం చూపించండి, అంతే.

“మీ నాస్తికులకు నీతి లేదు”, “మీ భక్తులవి దొంగ ఏడుపులు” అన్న మాటలు వస్తే ఖండించడానికి దిగకండి. ఆ వాక్యాన్ని అట్ట మీద రాసి, అన్నవాళ్ల చేతికే ఇచ్చి మొదటి ప్రశ్న కిందో రెండో ప్రశ్న కిందో అతికించమనండి. ఎక్కడా అతకదు. చాలామంది తమంతట తామే చించేస్తారు.

చేతులెత్తించి ఓటు పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. గంట కిందట మిరపకాయ పట్టుకుని చేతులెత్తితే నిజం మారదని చెప్పింది మనమే.

చివరి ఇరవై నిమిషాలు

అట్టలు ఖాళీవి పంచండి. పేరు రాయకుండా ఒకే ఒక్క విషయం రాయమనండి: “ఈ సాయంత్రం నాకు కాస్త కదిలిన అభిప్రాయం.” ఏదీ కదల్లేదని రాసినా సరే. కలిపి చదవండి, వ్యాఖ్యానం వద్దు. టీ అప్పుడు పెట్టండి, ముందు పెడితే జనం రెండు గుంపులై పోతారు.

ఇక చూపించడానికి తెచ్చిన ప్రాంసరీ నోట్లు. చర్చలో ఊపు మీద ఎవరో ఒకరు ఫారం నింపి స్టాంపు మీద అడ్డంగా సంతకం కూడా పెట్టేసి ఉంటారు. అప్పిచ్చినవాళ్ల పేరు, మొత్తం ఖాళీగా ఉన్న సంతకం నోటు బయటకు పోతే ఎవరి చేతిలోనైనా నిజమైన అప్పయి కూర్చుంటుంది. హాలు తాళం వేసే ముందు రెండు ఫారాలూ లెక్కపెట్టుకోండి. సంతకమున్న దాన్ని, స్టాంపు ముక్కలయ్యేలా, సంతకం పెట్టిన మనిషి చేతే చింపించండి.